‘బోర్ కొడుతోంది’ అనే మాట కింద ఏముంది?

కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో ఉన్న ఒక ఫ్లాట్‌ను ఊహించుకుందాం. ఇంటర్ ఫస్టియర్ చదివే కుర్రాడు సాయంత్రం ఏడింటికి కాలేజీ నుంచి ఇంటికి వచ్చాడు. వీకెండ్ టెస్ట్ మార్కులు అతని కంటే ముందే తల్లి ఫోన్‌కు చేరిపోయాయి. ఆమె ఒక్క మాట అనలేదు. గిన్నె మాత్రం స్టవ్ మీద కొంచెం గట్టిగా పెట్టింది. కుర్రాడు బ్యాగు కుర్చీలో పడేసి, షూ కూడా విప్పకుండా మంచం మీద వాలి ఫోన్ తీశాడు. అన్నానికి మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ ‘ఆఁ, వస్తున్నా’ అన్నాడు. పదిన్నరకు తండ్రి వచ్చి ఫోన్ లాక్కున్నాడు. తలుపు ధడేల్మంది. మర్నాడు పొద్దున ‘ఏమైందిరా, అంతసేపు ఏం చూస్తావు అందులో?’ అని అడిగితే వచ్చిన జవాబు రెండే ముక్కలు: ‘బోర్ కొట్టింది.’

అతనికి బోర్ కొట్టలేదు. మార్కులు చూసి సిగ్గేసింది. సెక్షన్ మారుస్తారేమోనని భయమేసింది. అమ్మ తిట్టకపోవడం తిట్టినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. ఈ మూడూ కలిసి ఛాతీలో బరువుగా కూర్చున్నాయి. ఆ బరువుకు ఏం పేరు పెట్టాలో, దాన్ని ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. చేతికి అందేంత దూరంలో ఫోన్ ఉంది. తెర మీద వేలు పెట్టిన పది సెకన్లలో బరువు కొంత తగ్గింది. ఫోన్‌కు అతుక్కుపోయిన పిల్లల సంగతి అర్థం కావాలంటే ఆ పది సెకన్ల దగ్గర ఆగి చూడాలి. ఇళ్లలో జరిగే గొడవంతా ఆ తర్వాతి మూడు గంటల గురించే నడుస్తుంది.

పిల్లలు ఫోన్ ఎక్కువగా చూడటం వేరు, ఆపాలనుకున్నా ఆపలేకపోవడం వేరు. ఈ తేడాను మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా గుర్తిస్తూ వస్తున్నారు. అమెరికాలో కింబర్లీ యంగ్ 1990ల చివర్లోనే 20 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారుచేశారు. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు 14 ప్రశ్నల కొలమానం ఒకటి ప్రచురించారు. అందులో ఎన్ని గంటలు చూస్తావు అన్నది ముఖ్యం కాదు. ఆపలేకపోతున్నావా, నిద్ర తగ్గుతోందా, ఇంటర్నెట్ లేనప్పుడు చిరాకు పడుతున్నావా అని అడుగుతారు. మనసు బాగోలేనప్పుడు ఇంటర్నెట్‌లోకి వెళ్తావా, బాధ నుంచి తప్పించుకోవడానికి దాన్ని వాడతావా అన్న ప్రశ్నలు కూడా అందులోనే ఉన్నాయి. అంటే కొలిచేవాళ్లకు మొదటి నుంచీ తెలుసు, ఇది సమయం లెక్క మాత్రమే కాదని.

‘అడిక్షన్’ అనే మాటను ఇళ్లలో చాలా తేలిగ్గా వాడేస్తున్నారు. వైద్యంలో దాని హద్దులు చాలా ఇరుకైనవి. ఇంటర్నెట్ అడిక్షన్ అనే పేరుతో అధికారికంగా గుర్తించిన జబ్బు ఇప్పటికీ లేదు. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ గ్రంథం ఇంటర్నెట్ గేమింగ్ సమస్యను ‘ఇంకా పరిశోధన కావాల్సినవి’ అన్న భాగంలో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పు గేమింగ్ డిజార్డర్‌ను చేర్చుకుంది. 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఆట మీద అదుపు లేకపోవడం, మిగతా పనులన్నింటికంటే ఆటే ముందుండటం, నష్టం కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం, వీటివల్ల చదువో ఇంటి జీవితమో బాగా దెబ్బతినడం, సాధారణంగా ఇదంతా కనీసం 12 నెలలు కొనసాగడం, ఇవన్నీ ఉంటేనే ఆ పేరు పెట్టాలి. వేసవి సెలవుల్లో నెల రోజులు గేమ్ ఆడిన పిల్లాడికి ఆ ముద్ర వేయడం అన్యాయం. ఒకసారి ‘వీడు అడిక్ట్’ అని చుట్టాల ముందు అనేశాక ఆ పిల్లాడు తనను తాను అలాగే చూసుకోవడం మొదలుపెడతాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫోన్లే పిల్లల మనసుల్ని పాడుచేస్తున్నాయన్న వాదనకు ఆధారాలు అందరూ అనుకునేంత గట్టిగా లేవు. పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2019లో అమెరికా, బ్రిటన్ దేశాల్లోని 3.5 లక్షలకు పైగా కౌమారుల సమాచారాన్ని పరిశీలించారు. పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది గరిష్ఠంగా 0.4 శాతమే అని తేల్చారు. ఇది చూసి ‘అయితే ఏం భయం లేదు’ అనుకోవడం కూడా తప్పే. అది సగటు. ఒకే వాడకం ఒక పిల్లకు కాలక్షేపం, పక్కింటి పిల్లకు ఊపిరి. రెండో పిల్ల సంగతి సగటులో కనిపించదు.

ఆ రెండో పిల్ల ఎందుకు అలా అవుతుంది అన్నదే అసలు ప్రశ్న.

లోపల జరిగేది

ఉద్వేగాన్ని సంబాళించుకోవడం అనేది పుట్టుకతో పూర్తిగా వచ్చే గుణం కాదు, చాలావరకు నేర్చుకునే పని. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ గ్రాస్ 1998లో దీన్ని దశలుగా విడగొట్టి చూపించారు. మనం బాధపెట్టే చోటుకు వెళ్లకుండా ఉండవచ్చు. వెళ్లాక అక్కడి పరిస్థితిని మార్చవచ్చు. అదీ కుదరకపోతే ధ్యాస పక్కకు మళ్లించుకోవచ్చు. జరిగినదాన్ని వేరే కోణంలో ఆలోచించవచ్చు. అన్నీ అయ్యాక, పైకి వచ్చిన ఏడుపునో కోపాన్నో అణచిపెట్టవచ్చు. పెద్దవాళ్లు రోజూ ఇవన్నీ తెలియకుండానే చేస్తుంటారు. ఆఫీసులో మాట పడ్డవాడు కిందకు దిగి చాయ్ తాగి వస్తాడు. ‘ఆయనకు ఇంట్లో ఏదో గొడవ అయ్యుంటుందిలే’ అని సర్దిచెప్పుకుంటాడు. మొదటిది ధ్యాస మళ్లించడం, రెండోది కోణం మార్చుకోవడం.

ఫోన్ ఇందులో ఒకే ఒక్క పని చేస్తుంది. ధ్యాస మళ్లిస్తుంది, అదీ అద్భుతంగా. అందులో తప్పేమీ లేదు. గల్ షెప్స్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, బాధ తీవ్రంగా ఉన్నప్పుడు మనుషులు సహజంగానే ధ్యాస మళ్లించుకునే దారి ఎంచుకుంటారనీ, బాధ తక్కువగా ఉన్నప్పుడు దాని గురించి ఆలోచించి చూడగలుగుతారనీ తేలింది. కాబట్టి మార్కులు చూసిన వెంటనే ఫోన్ తీసిన కుర్రాడు తెలివితక్కువ పని చేయలేదు. మంట మీద నీళ్లు పోశాడు. చిక్కు ఎక్కడుందంటే, వేడి తగ్గాక రావాల్సిన రెండో అడుగు రావడం లేదు. ఎందుకు తక్కువ వచ్చాయి, వచ్చేవారం ఏ చాప్టర్ చూసుకోవాలి, అమ్మతో ఏం చెప్పాలి అని ఆలోచించే చోటు రావాలి. ఆ చోటుకు చేరేలోపు ఇంకో రీల్ వస్తుంది.

ఇంకో రీల్ దానంతటదే రావడం యాదృచ్ఛికం కాదు. పేజీకి చివర లేకుండా కిందకు జారుతూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ రూపొందించారు, తర్వాత దాని గురించి ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. పుస్తకానికి అధ్యాయం అయిపోతుంది, సీరియల్‌కు ఎపిసోడ్ అయిపోతుంది. అక్కడ మనసు ఒక్క క్షణం పైకి తేలి ‘చాలు’ అనుకునే వీలుంటుంది. తెరకు అంచు లేకపోతే ఆ క్షణమే లేదు. పైగా పది వీడియోల్లో ఏడు చప్పగా ఉండి మూడు బాగుంటాయి. ఆ మూడూ ఎప్పుడొస్తాయో తెలియదు. పేకాటలో కూర్చున్నవాణ్ణి లేవనీయనిది ఇదే. ప్రతిసారీ గెలిచే ఆట తొందరగా విసుగు పుట్టిస్తుంది, ఎప్పుడు గెలుస్తామో తెలియనిదే కట్టిపడేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం జీవులు ఎంత మొండిగా ప్రయత్నిస్తాయో బి.ఎఫ్. స్కిన్నర్ 1950ల్లోనే పావురాలతో చూపించారు.

అయితే కౌమారంలో బహుమతి ఎప్పుడూ ఆనందమే కాదు. బాధ తగ్గడం కూడా బహుమతే. తలనొప్పికి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గింది కాబట్టి మళ్లీ నొప్పి వచ్చినప్పుడు అదే మాత్ర గుర్తొస్తుంది. అలాగే సిగ్గు, గుబులు, ఒంటరితనం ఏది వచ్చినా చేయి జేబులోకి వెళ్తుంది. కొన్ని వందలసార్లు ఇలా జరిగాక మధ్యలో ‘నాకు బాధగా ఉంది’ అన్న ఎరుక కూడా ఉండదు. బాధ మొలకెత్తేలోపే వేలు తెర మీద ఉంటుంది. అందుకే ‘బోర్ కొట్టింది’ అన్న కుర్రాడు అబద్ధం ఆడలేదు. అతనికి నిజంగా తెలియదు.

ఈ వయసులో ఇది ఇంత బలంగా పట్టుకోవడానికి శరీరం కూడా కొంత కారణం. ఉద్వేగాలకు, కొత్తదనానికి స్పందించే మెదడు భాగాలు ముందే వేగం అందుకుంటాయి. ఆగి ఆలోచించే నుదుటి వెనుక భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. బండికి యాక్సిలరేటర్ ముందు బిగించి బ్రేకులు తర్వాత బిగించినట్టు. నిద్ర గడియారం కూడా ఈ వయసులో వెనక్కి జరుగుతుంది, పదిన్నరకు పడుకోమంటే నిజంగానే నిద్ర రాదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. కాలేజీ బస్సు పొద్దున్నే వచ్చే ఇంట్లో ఆ లెక్క ఎప్పుడూ కుదరదు. 2007లో మాథ్యూ వాకర్ బృందం సుమారు 35 గంటలు నిద్రలేకుండా ఉంచిన యువతకు బాధాకరమైన చిత్రాలు చూపిస్తే, నిద్రపోయినవాళ్లతో పోలిస్తే వాళ్ల మెదడులో భయం, బాధ లాంటి వాటికి స్పందించే అమిగ్డలా అనే భాగం స్పందన 60 శాతం ఎక్కువగా ఉంది. రోజూ రెండు గంటల నిద్ర పోగొట్టుకోవడం అంత తీవ్రమైనది కాదు కానీ దారి అదే. నిద్ర తక్కువైతే చిన్న మాటకే కళ్లల్లో నీళ్లు, చిన్న మాటకే కేకలు. ఆ బాధకు మళ్లీ ఫోన్. ఫోన్‌తో మళ్లీ నిద్ర పోతుంది. ఏది ముందు ఏది వెనుక అని తేల్చడం కష్టమే, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో పొర ఉంది. ఇంటర్ పిల్లల పగలు పిల్లలది కాదు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం స్టడీ అవర్, ఇంటికొచ్చాక హోంవర్క్. ఎంపీసీ అయితే జేఈఈ, ఎప్‌సెట్. బైపీసీ అయితే నీట్. ర్యాంకును బట్టి సెక్షన్లు, సెక్షన్‌ను బట్టి తోటివాళ్ల చూపు. ఆటస్థలం లేని ఐదంతస్తుల భవనంలో కాలేజీ, పార్కింగ్ తప్ప ఖాళీ లేని అపార్ట్‌మెంట్‌లో ఇల్లు. ఒకప్పుడు గల్లీలో క్రికెట్ ఆడుతూనో మేడ మీద పతంగులు ఎగరేస్తూనో పిల్లలు తెలియకుండానే కోపాన్ని, ఓటమిని, అలకను వదిలించుకునేవాళ్లు. ఇప్పుడు రోజంతటిలో ఎవరూ మార్కులు వేయని సమయం రాత్రి పదకొండు తర్వాతే దొరుకుతుంది. ఆ గంట కోసం పిల్లలు నిద్రను ఇచ్చేసుకుంటున్నారు. అది క్రమశిక్షణ లేకపోవడంలా పైకి కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే, తనదంటూ కాస్త సమయం కావాలనుకునే మనిషి కనిపిస్తాడు.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అది కోవిడ్‌కు ముందు లెక్క. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది. 2020లో ఆన్‌లైన్ క్లాసులు ఫోన్‌ను పుస్తకాల సంచీలోకి తెచ్చాయి. అప్పటిదాకా ‘ఫోన్ ముట్టుకోకు’ అన్న ఇళ్లే ‘ఫోన్ తీసుకుని కూర్చో’ అన్నాయి. ఆ ఏడాదిలో పిల్లలు పాఠాలతో పాటు ఒంటరితనాన్ని ఫోన్‌తో నెట్టుకురావడం కూడా నేర్చుకున్నారు.

గోరుముద్దల దగ్గరి నుంచి

ఈ అలవాటు పదహారో ఏట మొదలవదు. రెండేళ్ల పాప అన్నం తినకుండా మారాం చేస్తే ఒకప్పుడు చంకనెత్తుకుని బాల్కనీలోకి వెళ్లి చందమామను చూపించేవాళ్లు. ఇప్పుడు గిన్నె పక్కన ఫోన్ నిలబెడతారు. పాప నోరు తెరుస్తుంది, ముద్ద దిగుతుంది, ఏడుపు ఆగుతుంది. రెండూ ధ్యాస మళ్లించడమే కదా అనిపిస్తుంది. కానీ చందమామ దగ్గర పాపతోపాటు ఒక మనిషి ఉంది. ఆ మనిషి గొంతు తగ్గించి మాట్లాడుతుంది, వీపు నిమురుతుంది, ‘కోపమొచ్చిందా బంగారం’ అంటుంది. పాప శాంతించడం ఆ మనిషి దగ్గర నేర్చుకుంటుంది. జెన్నీ రడెస్కీ బృందం 3–5 ఏళ్ల పిల్లలున్న 422 కుటుంబాలను కొన్ని నెలల పాటు పరిశీలించి 2022 చివర్లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు గొడవ చేసినప్పుడల్లా ఫోన్ ఇచ్చి ఊరుకోబెట్టడానికీ, తర్వాతి కాలంలో వాళ్లు ఇట్టే ఉద్రేకపడటానికీ సంబంధం కనిపించింది. ముఖ్యంగా మగపిల్లల్లో, సహజంగానే చురుకు ఎక్కువున్న పిల్లల్లో.

ఇక్కడ తల్లుల్ని నిందించడం చాలా సులభం, అంతే తప్పు కూడా. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, అమ్మమ్మో నానమ్మో ఊళ్లో ఉండిపోయిన ఇంట్లో, రాత్రి ఎనిమిదింటికి మాదాపూర్ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మనిషికి పాపను ఎత్తుకుని చందమామను చూపించే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? సాయం లేని ఇంట్లో సాయంగా దొరికింది ఫోన్ ఒక్కటే.

కాస్త పెద్దయ్యాక ఇంకో పాఠం మొదలవుతుంది. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?’ ‘ఆడపిల్లకు అంత కోపం పనికిరాదు.’ ‘మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి?’ ఉద్వేగాన్ని బయటికి రానీయకుండా అణచుకోవడమే మంచితనం అని పిల్లలకు అర్థమవుతుంది. గ్రాస్, ఆలివర్ జాన్ 2003లో చేసిన అధ్యయనాల్లో, అణచుకోవడం అలవాటైనవాళ్లకు లోపలి బాధ తక్కువగా లేదు. దగ్గరి స్నేహాలు, ఆసరా మాత్రం తక్కువగా ఉన్నాయి. అణచుకోవడం తప్ప మరో దారి తెలియని పిల్లకు ఫోన్ సరిగ్గా సరిపోతుంది. ముఖం కదలదు, గొంతు లేవదు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంట్లో అందరూ ‘మా అమ్మాయి చాలా నెమ్మది’ అంటారు. గేమ్‌లలో అరిచే కుర్రాడి మీద అందరి కళ్లూ ఉంటాయి. గదిలో నిశ్శబ్దంగా అర్ధరాత్రి దాకా ఇతరుల ఫొటోలు చూస్తూ తనను తాను తక్కువ చేసుకునే అమ్మాయి చాలా ఆలస్యంగా కనబడుతుంది.

ఉద్వేగాల్ని సంబాళించుకోలేకపోవడాన్ని కొలవడానికి గ్రాట్జ్, రోమర్ 2004లో 36 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. అందులో కోపాన్ని ఆపుకోలేకపోవడం ఒక భాగం మాత్రమే. తనకు ఏమనిపిస్తోందో గమనించకపోవడం ఒకటి, అనిపించేదాన్ని గుర్తుపట్టలేకపోవడం ఒకటి. బాధపడినందుకు మళ్లీ బాధపడటం, బాధలో ఉంటే పని సాగకపోవడం, ఇక ఏం చేసినా ఇది తగ్గదు అనుకోవడం మిగతావి. ఫోన్‌కు అతుక్కుపోయిన పిల్లల మీద జరిగిన చాలా అధ్యయనాల్లో ఈ లోట్లు ఎక్కువగా కనిపించాయి. వీటిలో గుర్తుపట్టలేకపోవడం దగ్గర కొంచెం ఆగడం మంచిది, ఎందుకంటే అక్కడ తెలుగు సాయం చేస్తుంది.

హైదరాబాద్ పిల్లలు రోజూ వాడే మాటలు చూడండి. టెన్షన్, బోర్, చిరాకు, మూడాఫ్, పరేషాన్. నాలుగైదు మాటలతో మనసంతా సర్దేస్తారు. కానీ ఇంట్లో పెద్దవాళ్ల నోట్లో ఇంకా బతికున్న మాటలు ఎన్నో. హాస్టల్‌లో కొత్తగా చేరిన పిల్లకు పట్టేది బెంగ. అది ఒక మనిషి కోసమో ఇంటి కోసమో పడేది, వాళ్లు కనబడితే తగ్గుతుంది. రేపటి పరీక్ష గురించి కడుపులో తిప్పేది గుబులు. తిరిగి ఏమీ అనలేని చోట గొంతులో అడ్డం పడే కోపం ఉక్రోషం. నలుగురిలో తక్కువ చేస్తే చిన్నబుచ్చుకుంటాం. బాగా కావాల్సినవాళ్ల మీద మాత్రమే వచ్చేది అలక, బతిమాలితే పోతుంది. ఫీజు ఎలా కడతారో అని లోలోపల తినేసే దాన్ని తెలంగాణలో రంది అంటారు. ‘రంది పెట్టుకోకు బిడ్డా’ అన్న మాటలో సగం మందు ఉంది.

ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ఒక్కోదానికి ఒక్కో చికిత్స. బెంగకు ఒక ఫోన్ కాల్ కావాలి. గుబులుకు కాగితం మీద చదవాల్సినవి రాసుకుని మొదటిది మొదలుపెట్టడం కావాలి. ఉక్రోషానికి తన తరఫున నిలబడే ఒక మనిషి కావాలి. అలకకు బతిమాలడం కావాలి. అన్నింటినీ ‘బోర్’ అన్న ఒక్క డబ్బాలో పడేస్తే అన్నింటికీ ఒకటే మందు మిగులుతుంది, అది రీల్స్. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసిన ప్రయోగంలో, ముఖాల్లో కనిపిస్తున్న ఉద్వేగానికి మాటతో పేరు పెట్టినప్పుడు మెదడులో అమిగ్డలా అలజడి తగ్గింది. పేరు పెట్టడం ఉపన్యాసం కాదు, దానిదంటూ ఒక పని చేస్తుంది.

ఫోన్ లాక్కున్న రాత్రి

మళ్లీ ఆ మూడో అంతస్తు ఫ్లాట్‌కు వద్దాం. పదిన్నరకు తండ్రి ఫోన్ లాక్కోవడం కొడుకు మీద ప్రేమతోనే. కానీ ఆ క్షణంలో ఆయన్ను కదిలించింది ఆయన సొంత భయం. వీడు ఏమైపోతాడో, ఇంత ఫీజు కట్టాం, చుట్టాల్లో ఏమంటారో. ఆ భయాన్ని ఆయనా సంబాళించుకోలేక చేయి చాపాడు. కుర్రాడు జేబులోకి చేయి పెట్టినట్టే. ఇంట్లో ఉద్వేగాల్ని సంబాళించుకోవడం రానిది ఒక్క కుర్రాడికే కాదు.

లాక్కున్నాక ఏం జరుగుతుందో కూడా తెలిసుండాలి. అలవాటైన ఊరట ఒక్కసారిగా ఆగిపోతే ఆ ప్రవర్తన తగ్గేముందు పెరుగుతుంది. కేకలు, తలుపులు, అన్నం మానేయడం. రెండు రోజులకు తల్లి కరిగి ఫోన్ ఇచ్చేస్తే, గట్టిగా గొడవ చేస్తే దొరుకుతుంది అన్న పాఠం మిగులుతుంది. పిల్లాడు ‘చచ్చిపోతా’ అంటే మాత్రం దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. ఆ రాత్రి ఫోన్ సంగతి పక్కన పెట్టి, అతన్ని ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చోవాలి, నిజంగా అలా అనిపిస్తోందా అని సూటిగా అడగాలి, వెంటనే సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

నగర శివార్లలోని రెసిడెన్షియల్ కాలేజీలు ఫోన్‌ను పూర్తిగా నిషేధించి సమస్య తీరిందనుకుంటాయి. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన పిల్ల రోజుకు పది గంటలు ఫోన్ చూస్తుంటే తల్లిదండ్రులు నిర్ఘాంతపోతారు. అక్కడ గేటు ఆ పని చేసింది, పిల్ల నేర్చుకోలేదు. బీటెక్ ఫస్టియర్‌లో గేటు ఉండదు. చట్టాలదీ ఇంచుమించు ఇదే పరిమితి. 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. మన 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను వెంటాడి ప్రకటనలు చూపించడం కుదరదంటుంది. ఇలాంటివి రావాల్సిందే. పిల్లలు ఆపలేని విధంగా యాప్‌లను తయారుచేసిన కంపెనీల బాధ్యతను పదహారేళ్ల కుర్రాడి మనోబలం మీద వేయడం న్యాయం కాదు. కానీ ఛాతీలో బరువు పెట్టుకుని ఇంటికొచ్చిన పిల్లకు చట్టం ఆ సాయంత్రం ఏమీ చెప్పలేదు.

పనికొచ్చేవి చిన్నవే. మనస్తత్వవేత్త ఆలన్ మార్లట్ మద్యం మానేవాళ్లకు నేర్పిన పద్ధతి ఒకటుంది. తాగాలన్న తహతహ అలలాగా లేస్తుంది, కాసేపు పెరుగుతుంది, ఏమీ చేయకపోయినా దానంతటదే పడుతుంది. దాన్ని అణచకుండా, లొంగకుండా చూస్తూ ఉండటమే పని. పిల్లలకు దీన్ని పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు: ఫోన్ వద్దు అని కాదు, పది నిమిషాల తర్వాత. ఆ పది నిమిషాల్లో స్నానమో, కుక్కపిల్లను కిందకు తీసుకెళ్లడమో, షాపుకెళ్లి పెరుగు ప్యాకెట్ తేవడమో ఏదైనా సరే. ఫోన్ ఛార్జర్‌ను పడకగదిలో కాకుండా హాల్లో పెట్టడం మంచి నియమం, అమ్మానాన్నల ఫోన్లు కూడా అక్కడే ఉంటేనే. రాత్రి పదకొండింటికి నాన్న మంచం మీద క్రికెట్ క్లిప్పులు చూస్తుంటే కొడుక్కి ఏ మాటా ఎక్కదు.

ఇంట్లో ప్రయత్నించినా స్కూలు మానేసే దాకా, పగలు రాత్రిగా మారే దాకా, స్నేహితులందరినీ వదిలేసే దాకా వస్తే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు వినగానే వెనకాడేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే, ఆ వెనకాడటం వల్ల పోయేది పిల్లల సమయమే. బెంగళూరు నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వాడకం సమస్యల కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఇలాంటి సమస్య కోసమే తయారైన మాత్ర ఏదీ లేదు. మాటల ద్వారా ఆలోచనను, అలవాటును మార్చే చికిత్స ముఖ్యం. చాలామంది పిల్లల్లో దీని కింద డిప్రెషన్, నలుగురిలో కలవలేని భయం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు) లాంటివి ఉంటాయి, వాటికి వైద్యం చేస్తే ఫోన్ పట్టు చాలాసార్లు సడలుతుంది.

చికిత్సలో మొదట చేయించే పనుల్లో ఒకటి నోటు పుస్తకంలో రాసుకోవడం. ఎన్ని గంటలు చూశావు అని కాదు. ఫోన్ చేతిలోకి తీసుకోవడానికి ముందు నిమిషంలో ఏం జరిగింది, ఎలా అనిపించింది. మొదటి మూడు రోజులూ ‘ఏం లేదు’, ‘బోర్’ అనే ఉంటాయి. నాలుగో రోజుకో ఐదో రోజుకో ఇలాంటి వరుస ఒకటి కనిపించవచ్చు: మంగళవారం, రాత్రి 10.40. నాన్న బాల్కనీలో ఎవరితోనో ఫోన్‌లో రెండో టర్మ్ ఫీజుకు అప్పు అడుగుతున్నాడు. విన్నాను. రంది.